మన పిల్లలు ఊరేగింపుకు వెళ్తామంటే

ఆక్లాండ్‌లో మన తెలుగువాళ్లు నలుగురు ఒకచోట కూర్చుంటే ఈమధ్య తప్పకుండా వచ్చే మాట ఒకటుంది. ‘‘మావాడు యూనివర్సిటీలో ఏదో ఊరేగింపుకు పోయాడటండీ. గాజా అంటాడు, సూడాన్ అంటాడు, జాతి నిర్మూలన అంటాడు. మనకెందుకు చెప్పండి ఇవన్నీ?’’ అని. వినేవాళ్లంతా తలూపుతారు. వీసాకి ఇబ్బందని ఒకరంటారు. రేపు ఉద్యోగం ఎవడిస్తాడని ఇంకొకరు. ఊళ్లో పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి చదివిస్తుంటే వీడికి జెండా కావాల్సొచ్చిందా అని మరొకరు. ఆ తర్వాత మాట క్రికెట్టు మీదికో, ఇళ్ల రేట్ల మీదికో మళ్లిపోతుంది.

ఈ భయాల్లో ఏదీ ఉత్తుత్తిది కాదు. అప్పులు చేసి సముద్రాలు దాటి వచ్చినవాళ్లం, భయం లేకపోతేనే వింత. కానీ ఆ ‘‘మనకెందుకు’’ అన్న ముక్క దగ్గరే మాకు పేచీ. ఇవాళ మనం ఈ దేశంలో తలెత్తుకుని పనిచేసుకుంటున్నామంటే, అందులో కొంత వాటా ఒకప్పుడు ఇక్కడి విద్యార్థులు ‘‘మనకెందుకు’’ అనుకోకపోవడంవల్ల వచ్చిందే. ఆ కథ మన సంఘాల ఉగాది వేదికల మీద ఎవరూ చెప్పరు. అందుకే కాస్త వివరంగా చెప్పుకుందాం.

న్యూజిలాండ్ వాళ్లకి రగ్బీ అంటే మనకి క్రికెట్టూ సినిమా కలిపితే ఎంతో అంత. వాళ్ల ఆల్ బ్లాక్స్ జట్టుకి సరిజోడు దక్షిణాఫ్రికా స్ప్రింగ్‌బాక్స్. ఆ దక్షిణాఫ్రికాలో 1948 నుంచి అపార్థీడ్ ప్రభుత్వ విధానం. నల్లవాళ్లు ఎక్కడ కాపురముండాలి, ఏ బస్సెక్కాలి, ఎవర్ని పెళ్లాడాలి అన్నీ చట్టమే చెప్పేది. ఆటకి వచ్చే జట్టులో మావోరీలు ఉండకూడదని వాళ్ల షరతు. 1960లో ఇక్కడి రగ్బీ యూనియన్ ఆ షరతుకి తలొగ్గి మావోరీలు లేని జట్టునే పంపింది. దాదాపు లక్షన్నర మంది సంతకాలు చేసి వద్దన్నా వినలేదు. ఆ ఏడాది మార్చి 21నే షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మంది నల్లవాళ్లను కాల్చి చంపారు.

1969లో ఆక్లాండ్ యూనివర్సిటీ విద్యార్థులు కొందరు పూనుకుని ‘హార్ట్’ అనే సంస్థ పెట్టారు. ‘హాల్ట్ ఆల్ రేసిస్ట్ టూర్స్’ అన్నది దాని పూర్తి పేరు. జాతి వివక్షతో నడిచే ఆటల పర్యటనలన్నీ ఆపాలన్నది డిమాండు. ట్రెవర్ రిచర్డ్స్ అనే విద్యార్థి నాయకుడయ్యాడు. ఆటకీ రాజకీయానికీ ముడేంటని జనం విసుక్కున్నారు. మరుసటేడు, అంటే 1970లో, దక్షిణాఫ్రికా కొంచెం దిగొచ్చినట్టు నటించి మావోరీ, సమోవా ఆటగాళ్లను రానిచ్చింది. ఎలా రానిచ్చిందో తెలుసా? ‘గౌరవ శ్వేతజాతీయులు’ అని వాళ్లకి ఒక హోదా తగిలించి! ఆట అయ్యేదాకా నిన్ను తెల్లవాడివనుకుంటాం, ఆ తర్వాత నీ దారి నీది అన్నమాట. మనలో గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లకి ఇలాంటి మర్యాదల రుచి వేరే చెప్పక్కర్లేదు.

విద్యార్థులు పట్టు వదల్లేదు. 1973లో స్ప్రింగ్‌బాక్స్ ఇక్కడికి రావాల్సి ఉండగా ప్రధాని నార్మన్ కిర్క్ ఆ పర్యటన ఆపించాడు. 1976 జూన్ 16న సొవెటోలో బడిపిల్లలు, మాకు ఆఫ్రికాన్స్ భాషలో చదువు రుద్దొద్దని రోడ్డెక్కితే పోలీసులు తుపాకులతో జవాబు చెప్పారు. ఆ రోజుతో మొదలైన గొడవల్లో వందలమంది పోయారు, అందులో చాలామంది పిల్లలే. ఆ నెలాఖరుకే ఆల్ బ్లాక్స్ జట్టు దక్షిణాఫ్రికాలో దిగి ఆడుతోంది. దానికి నిరసనగా ఇరవైకి పైగా దేశాలు, ఎక్కువ భాగం ఆఫ్రికావే, మాంట్రియల్ ఒలింపిక్స్‌ను బహిష్కరించాయి. అందమైన చిన్న దేశం న్యూజిలాండ్‌కి ప్రపంచమంతటా చెడ్డపేరు. ఇదంతా జరిగాక కూడా 1981లో స్ప్రింగ్‌బాక్స్‌ను ఇక్కడికి పిలిచారు. ప్రధాని మల్డూన్ ఆపనన్నాడు.

జూలై 22న గిస్బోర్న్‌లో మొదటి మ్యాచ్. మూడు రోజుల తర్వాత, శనివారం నాడు, హామిల్టన్‌లో రెండోది. మైదానం బయట వేలమంది నిరసనకారులు. వాళ్లలో సుమారు 350 మంది కంచె పడదోసి లోపలికి చొరబడ్డారు. మైదానం మధ్యలో చేయీచేయీ పెనవేసుకుని ముద్దగా నిలబడిపోయారు. పోలీసులు ఒక్కొక్కర్నీ లాగి పట్టుకుపోతున్నారు. ఇంతలో ఒకాయన చిన్న విమానం ఎత్తుకుని స్టేడియం వైపు వస్తున్నాడని కబురు. ఇక లాభం లేదని మ్యాచ్ రద్దు చేశారు. టికెట్లు కొనుక్కుని వచ్చిన ప్రేక్షకుల కోపం అంతా ఇంతా కాదు. సీసాలు, డబ్బాలు గాల్లో లేచాయి. అక్కడి నుంచి బయటపడేలోపు చాలామందికి దెబ్బలు తగిలాయి.

ఆ రోజు ఆటను దక్షిణాఫ్రికాలో టీవీలో నేరుగా చూపిస్తున్నారు. తెల్లవారకముందే లేచి టీవీల ముందు కూర్చున్నవాళ్లకి ఆటకి బదులు ఈ దృశ్యం కనిపించింది. మా విధానం మా ఇంటి గొడవ అనుకుంటున్న దేశానికి, పదివేల కిలోమీటర్ల అవతల తమలాంటి తెల్లవాళ్లే దెబ్బలకి సిద్ధపడి వద్దంటున్నారని అర్థమైంది. అప్పుడు నెల్సన్ మండేలా రాబెన్ దీవి జైల్లో ఉన్నారు. ఆ వార్త చెవిన పడినప్పుడు సూర్యుడు బయటికొచ్చినట్టు అనిపించిందని ఆయన తర్వాత చెప్పుకున్నారు. 1995లో ఆ మండేలాయే తన దేశ అధ్యక్షుడి హోదాలో ఆక్లాండ్ వచ్చారు.

విమానం ఎత్తుకురావడం మేం మెచ్చే పని కాదు. సెప్టెంబర్ 12న ఈడెన్ పార్కులో చివరి టెస్టు జరుగుతుంటే ఇంకో విమానం మైదానం మీద తక్కువ ఎత్తున తిరుగుతూ పిండి సంచులు విసిరింది. ఒక సంచి తగిలి ఆల్ బ్లాక్స్ ఆటగాడొకడు కింద పడ్డాడు. సైటు మీద సేఫ్టీ చూసేవాళ్లకి ఆ బొమ్మలు చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ చేతిలో కర్ర ముక్క లేకుండా మైదానం మధ్య నిలబడ్డ ఆ 350 మంది సంగతి వేరు. ఆ 56 రోజుల్లో 28 ఊళ్లలో 200కు పైగా ప్రదర్శనలు జరిగాయి. లక్షన్నరకు పైగా జనం పాల్గొన్నారు, 1500 మంది మీద కేసులు పెట్టారు. విద్యార్థులతోపాటు చర్చిలవాళ్లు, యూనియన్లవాళ్లు, మావోరీలు, మామూలు గృహిణులు కూడా ఉన్నారు. అప్పట్లో దేశం జనాభా ముప్ఫై లక్షల పైచిలుకు మాత్రమే. ఇళ్లలో అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. అప్పటివాళ్లెవరైనా మన సైట్లలో పెద్ద వయసు ఫోర్‌మన్‌గా ఉంటే స్మోకో టైములో కదిపి చూడండి. ఇప్పటికీ రెండు రకాల జవాబులు వస్తాయి.

ఇందులో తెలుగువాడు ఎక్కడున్నాడంటారా? ఉన్నాడు, కంచెకి అవతలి పక్క. 1860 నవంబర్‌లో మద్రాసు నుంచి మొదటి ఓడ కూలీలను తీసుకుని డర్బన్ చేరింది. 1911 దాకా లక్షన్నర మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్ చెరుకు తోటలకి వెళ్లారు. అందులో తమిళులతోపాటు మన కోస్తా జిల్లాలవాళ్లు, చిత్తూరు వైపువాళ్లు వేలకొద్దీ ఉన్నారు. పొలం లేక, పని లేక, ఏజెంటు మాట నమ్మి ఓడెక్కినవాళ్లు. మనకీ వాళ్లకీ తేడా ఓడకీ విమానానికీ ఉన్నంతే. వాళ్ల పిల్లలు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని అంత దూరంలో తెలుగు బతికించుకున్నారు. 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చాక డర్బన్‌లో దశాబ్దాలుగా ఉన్న ఇళ్లు ఖాళీ చేయించి, భారతీయులకని గీత గీసిన చాట్స్‌వర్త్ లాంటి కాలనీలకి తోలారు. కాబట్టి 1981లో హామిల్టన్ మైదానంలో నిలబడ్డ ఆ కుర్రాళ్లు, తమకి తెలియకుండానే, మన నేటాల్ తెలుగువాళ్ల తరఫున కూడా దెబ్బలు తిన్నారు. వాళ్లు మనవాళ్ల పేరు కూడా విని ఉండరు. ‘‘మనకెందుకు’’ అనడానికి వాళ్లకి మనకంటే ఎక్కువ హక్కుంది.

అపార్థీడ్‌ను జాతి నిర్మూలన అనరు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. 1973 ఐక్యరాజ్యసమితి ఒప్పందం దాన్ని మానవాళి పట్ల నేరంగా ప్రకటించింది. జాతి నిర్మూలనకి వేరే ఒప్పందం ఉంది, 1948 డిసెంబర్ 9 నాటిది. ఒక జాతిని గానీ, మతం వాళ్లను గానీ పూర్తిగానో కొంత భాగమో నాశనం చేయాలన్న ఉద్దేశంతో చేసే పనులని దాని నిర్వచనం. ఎవరి మీద కోపమొస్తే వాళ్ల మీద విసిరే మాట కాదది. ఊరేగింపుకు వెళ్లే మన పిల్లలు కూడా ముందు ఆ నిర్వచనం చదివి వెళ్తే బాగుంటుంది. అయితే ఆ ఒప్పందం పేరులోనే శిక్ష కంటే ముందు నివారణ అన్న మాట ఉంది. జరిగాక శిక్షించడం కోర్టుల పని. జరక్కముందు ఆపడం ఎవరి పని?

అసలు ‘జెనోసైడ్’ అన్న మాటకే మూలం ఒక విద్యార్థి ప్రశ్న. రఫేల్ లెమ్కిన్ అనే పోలండ్ యూదు కుర్రాడు 1920ల మొదట్లో ల్వోవ్ యూనివర్సిటీలో చదువుకునేవాడు. లక్షలాది ఆర్మీనియన్ల చావుకి కారకుడైన తుర్కీ మంత్రిని 1921లో బెర్లిన్‌లో ఒక ఆర్మీనియన్ యువకుడు కాల్చి చంపాడు. ఒక్కణ్ణి చంపినవాణ్ణి బోనెక్కిస్తారు, లక్షలమందిని చంపించినవాణ్ణి ఎవరూ పట్టుకోరేం అని లెమ్కిన్ తన ప్రొఫెసర్‌ను అడిగాడు. ఒక రైతు తన కోళ్లను తాను చంపుకుంటే నువ్వెవరు అడగడానికి అన్న తరహాలో ఆయన జవాబిచ్చాడట. మన ‘‘మనకెందుకు’’కి అది పండిత భాష. లెమ్కిన్ ఆ జవాబు మింగలేకపోయాడు. 1944లో ఆ మాట పుట్టించాడు, నాలుగేళ్లలో దాన్ని అంతర్జాతీయ చట్టంలోకి ఎక్కించాడు. ఈలోపు హిట్లర్ చేతుల్లో అతని సొంత కుటుంబమే చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది.

మళ్లీ న్యూజిలాండ్‌కి వద్దాం. 1981లోనే మావోరీలు ఒక సూటి ప్రశ్న వేశారు. సముద్రాల అవతలి నల్లవాళ్ల కోసం రోడ్డెక్కారు, సంతోషం. మీ కాళ్ల కింద ఉన్న ఈ భూమి సంగతేంటి? ఈ ప్రశ్నకి చాలామంది చాలా రకాలుగా జవాబు వెతికారు. మాకు నచ్చిన జవాబు ఒక చిన్న ఊరి హైస్కూలు పిల్లలది.

దక్షిణ ఆక్లాండ్‌లో ఉండే మనవాళ్లకి గ్రేట్ సౌత్ రోడ్డు తెలియకుండా ఉండదు. పాపటోయ్‌టోయ్‌లో కూరగాయలకి, మసాలాలకి, పనికి, అన్నిటికీ ఆ రోడ్డే. డ్రూరీ నుంచి దక్షిణంగా దాన్ని పొడిగించింది సైనికులు. 1862లో గవర్నర్ గ్రే ఆజ్ఞ మీద, వైకాటో మావోరీల మీదికి దండు, ఫిరంగులు, తిండి గింజలు నడవడానికి వేశారు. రోడ్డు అంటే ఊరికి మంచి అనే నమ్మకంతో డిప్లొమా చదివి వచ్చిన మాలాంటివాళ్లకి ఆ సంగతి తెలిశాక ఆ రోడ్డు మీద డ్రైవ్ చేస్తుంటే మనసు ఒకలా ఉంటుంది. 1863 జూలై 12న సైన్యం మంగతావిరి వాగు దాటింది. 1864 ఫిబ్రవరి 21, ఆదివారం తెల్లవారుజామున టె అవాముటు దగ్గర రంగియావోహియా అనే పల్లె మీద పడింది. కోటా కాదు, బురుజూ కాదు. గోధుమ చేలు, పండ్లతోటలు, రెండు చర్చిలు ఉన్న ఊరు. ఉన్నది ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఒక ఇంట్లో తలదాచుకున్నవాళ్లు ఆ ఇంటితోపాటే కాలిపోయారు. యుద్ధం అయ్యాక వైకాటోలో 12 లక్షల ఎకరాలు జప్తు చేశారు. ఈ ముక్క నూటయాభై ఏళ్లపాటు ఇక్కడి చాలామంది పిల్లలకి బడిలో ఎవరూ చెప్పలేదు.

2014లో ఓటోరోహంగా కాలేజ్ అనే హైస్కూలు పిల్లల్ని ఆ యుద్ధభూములు చూపించడానికి తీసుకెళ్లారు. పెద్దవాళ్లు అక్కడే నిలబడి తమ తాతముత్తాతల కథ చెప్పారు. పిల్లలు ఏడ్చారట. ఏడ్చి ఊరుకోలేదు. ఇద్దరమ్మాయిలు ముందుండి ఒక పిటిషన్ మొదలెట్టారు. ఈ యుద్ధాలను దేశం గుర్తుంచుకోవడానికి ఒక రోజు కావాలి, బడుల్లో ఈ చరిత్ర చెప్పాలి అని. ఏడాదికి పైగా తిరిగి 12 వేలకు పైగా సంతకాలు పోగేసి 2015 డిసెంబర్‌లో పార్లమెంటు మెట్ల దాకా తీసుకెళ్లారు. 2016లో ప్రభుత్వం ఒప్పుకుంది. 2017 అక్టోబర్ 28న మొదటి సంస్మరణ దినం జరిగింది. 2023 నుంచి దేశ చరిత్ర బోధన బడులన్నిటికీ తప్పనిసరైంది. ఏ రాయీ విసరకుండా, ఏ అద్దమూ పగలకుండా, స్కూలు యూనిఫారంలో ఉన్న పిల్లలు చేసిన పని ఇది. మన పిల్లలూ ఇవాళ అవే బడుల్లో చదువుతున్నారు. ఆ పాఠం ఇంటికొచ్చి చెప్తే వినే ఓపిక మనకుండాలి.

జరిగిపోయినదాన్ని తవ్వితే నివారణ ఎలా అవుతుందని మన మిత్రుడొకాయన వాదించాడు. మాకు తెలిసిన భాషలోనే చెప్పాం. సైటులో ‘నియర్ మిస్’ పుస్తకం ఎందుకు పెడతారు? ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా, రాయడం దేనికి? పైనుంచి ఒక క్లాంపు పడింది, పక్కనే పడింది కాబట్టి సరిపోయింది. అది రాయకపోతే రేపు తలమీదే పడుతుంది. గోతి అంచున సన్నటి బీట కనిపిస్తే మట్టి కూలేదాకా ఆగం, మనుషుల్ని పైకి రమ్మంటాం. 2015 నాటి హెల్త్ అండ్ సేఫ్టీ చట్టం ప్రకారం, ప్రాణానికి ప్రమాదమని గట్టి కారణం ఉంటే కిందిస్థాయి కూలీ కూడా పని ఆపొచ్చు. ఊచకోతలూ అంతే. ఒక్కరోజులో ఆకాశంలోంచి ఊడిపడవు. ముందు వెక్కిరింత, తర్వాత వీళ్లు వేరు అనే గీత, తర్వాత చట్టం, తర్వాత తుపాకి. బీట దశలో చూసి కేకేసేది ఎక్కువగా కుర్రాళ్లే. వాళ్లకి పోగొట్టుకునేది తక్కువ కాబట్టో, కళ్లు ఇంకా అలవాటు పడలేదు కాబట్టో తెలీదు గానీ చరిత్ర నిండా అదే కనిపిస్తుంది.

మా సైటు ఒకదాంట్లో టాయిలెట్ గోడ మీద ఇండియన్ల గురించి ఎవరో బూతులు రాశారు. మనవాళ్లలో కొందరు ‘‘పోనీలే అన్నా, రాసినోడి చెయ్యే పాడైంది’’ అని నవ్వేశారు. పాలిటెక్నిక్‌లో చదువుతూ అప్రెంటిస్‌గా చేస్తున్న ఒక సమోవా కుర్రాడు మాత్రం మర్నాడు పొద్దున టూల్‌బాక్స్ మీటింగులో చెయ్యెత్తాడు. ‘‘ఇవాళ వాళ్ల గురించి రాశారు, మా అమ్మ వాళ్ల కాలంలో మా గురించి రాశారు’’ అన్నాడు. ఇంకేం అన్లేదు. మధ్యాహ్నానికి గోడకి రంగు పడింది. ఇంకోసారి జరిగితే రాసినవాడు సైటు గేటు బయటుంటాడని మేనేజరు చెప్పాడు. చిన్న విషయమే. బీటలన్నీ చిన్నగానే ఉంటాయి.

చిన్నవని వదిలేసిన చోట ఏమైందో కూడా ఈ దేశం చూసింది. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో 51 మందిని ఒక్కడు కాల్చి చంపాడు. చనిపోయినవాళ్లలో మన హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. 2011 భూకంపం తర్వాత ఆ ఊరిని తిరిగి కట్టడానికి వెళ్లిన మన పనివాళ్లకి ఆ వీధులన్నీ తెలిసినవే. అంతకు ముందు కొన్నేళ్లుగా ముస్లిం మహిళల సంఘం వాళ్లు తమ మీద పెరుగుతున్న ద్వేషం గురించి అధికారులకి చెప్తూనే ఉన్నారు. నియర్ మిస్ పుస్తకంలో రాశారు, పేజీ తిప్పినవాళ్లు లేరు. ఆ శుక్రవారం మధ్యాహ్నం అదే ఊరి నడిబొడ్డున వందల మంది బడిపిల్లలు వాతావరణ సమ్మెలో ఉన్నారు. సోమవారానికల్లా ఊళ్లోని అనేక బడుల పిల్లలు హాగ్లీ పార్కులో చేరి, మతం చూడకుండా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చి, చనిపోయినవాళ్ల కోసం హాకా చేశారు. ఏప్రిల్ 10న పార్లమెంటు తుపాకుల చట్టాన్ని 119 ఓట్లతో మార్చింది, ఎదురు పడ్డది ఒక్క ఓటు.

పుకెకోహెలో ఇవాళ మన కుర్రాళ్లు వరసగా ఇళ్లు కడుతున్నారు. అదే పుకెకోహెలో 1926లో తెల్లవాళ్లు ‘వైట్ న్యూజిలాండ్ లీగ్’ పెట్టారు. భారతీయ, చైనా రైతులకి భూములివ్వొద్దని. అప్పుడు ఎవరూ ఊచకోత దాకా పోలేదు, కానీ గీత గీయడం మొదలైంది. దాన్ని చెరపడానికి ఎన్ని తరాలు పట్టిందో లెక్కేసుకుంటే, గీసేటప్పుడే చెయ్యి పట్టుకోవడం ఎంత చవకో తెలుస్తుంది.

ఇక అసలు చెప్పాల్సింది, మనవాళ్లకి అంతగా రుచించనిది కూడా చెప్పాలి. పరాయి దేశం జాతి వివక్ష గురించి మాట్లాడితే మనకి ఉత్సాహమే. మన ఊరి సంగతి వచ్చేసరికి నోరు మూతపడుతుంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను వెంటాడి చంపారు. గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర గేదెల్ని కడిగిన నీళ్లతో. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. అక్కడ మొదలు సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీటులోని వాడికి తగలడం. కడవ, కాలు! ఇంత చిన్న చోట మొదలైంది. కారంచేడు తర్వాత చీరాల శిబిరం నుంచి దళిత మహాసభ పుట్టింది, సంస్కృత లెక్చరర్ కత్తి పద్మారావు, లాయరు బొజ్జా తారకం దానికి వెన్నెముక. ఆ ఉద్యమాల వెనుక హాస్టళ్లలో, యూనివర్సిటీల్లో చదివే పిల్లలు కదిలారు. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చుండూరు కేసులో ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది.

ఆ ఊళ్ల పేర్లు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పుడైనా విన్నారా? అక్కడ వచ్చేవి వేరు. ఫలానా మతంవాళ్లని ఊళ్లోంచి తరిమితేగానీ దేశం బాగుపడదని ఒక ఫార్వార్డ్. ఫలానా కులంవాళ్లకి రిజర్వేషన్లిచ్చి నాశనం చేశారని ఇంకొకటి. కొత్తగా దిగిన కుర్రాడికి గది చూపించే ముందు ‘‘మీరేవిట్లు?’’ అని ఆరా. కిందనే ‘శుభోదయం’ పువ్వు బొమ్మ. ఇవి చూసి ‘‘నాన్నా, ఇది తప్పు’’ అనే పిల్లలే మళ్లీ యూనివర్సిటీలో జెండా పట్టుకునే పిల్లలు. బయటి ద్వేషాన్ని చూడ్డం నేర్చిన కళ్లు ఇంట్లోదాన్ని చూడకుండా ఎలా ఉంటాయి? మన అసలు భయం వీసా గురించేనా అని అప్పుడప్పుడూ మాకు అనుమానం.

విద్యార్థులు కదిలితే అన్నీ ఆగిపోతాయని చెప్పడం కూడా అబద్ధమే అవుతుంది. 1994లో రువాండాలో మూడు నెలల్లో దాదాపు 8 లక్షల మందిని చంపారు. ఆ ఏప్రిల్‌లో భద్రతా మండలి అధ్యక్ష స్థానంలో ఉన్నది న్యూజిలాండ్ రాయబారి కోలిన్ కీటింగే. జాతి నిర్మూలన అన్న మాట వాడి తీరాలని ఆయన పట్టుబట్టినా పెద్ద దేశాలు జారుకున్నాయి, ఎందుకంటే వాళ్ల ఊళ్లలో అడిగే జనం లేరు. ఆ పాఠంతోనే 2004లో అమెరికాలో జార్జ్‌టౌన్ యూనివర్సిటీ విద్యార్థులు సూడాన్‌లోని డార్ఫూర్ కోసం ‘స్టాండ్’ అనే సంస్థ మొదలెట్టారు. తమ యూనివర్సిటీల డబ్బు ఎక్కడెక్కడ పెట్టుబడిగా ఉందో లెక్కలడిగారు. సూడాన్ నుంచి పెట్టుబడులు తీసేయడానికి వీలిచ్చే చట్టం 2007లో వచ్చింది. 2010లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు సూడాన్ అధ్యక్షుడు బషీర్ మీద జాతి నిర్మూలన అభియోగంతో వారెంటు ఇచ్చింది. అయినా 2023 నుంచి అదే డార్ఫూర్ మళ్లీ రక్తసిక్తమైంది. గాజా విషయంలో అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది ఒకప్పటి అపార్థీడ్ దేశం దక్షిణాఫ్రికాయే. 2024 జనవరి 26న ఆ కోర్టు మధ్యంతర ఆదేశాలిచ్చింది. ఆ మే నెలలో ఆక్లాండ్ యూనివర్సిటీలో విద్యార్థులు గుమిగూడారు. దాని మీద మన ఇళ్లలో రెండు అభిప్రాయాలుంటే ఉండొచ్చు. కానీ ఆ వయసులో అలా అడగడమే తప్పన్నట్టు మాట్లాడొద్దు.

మరి వీసా సంగతి? 1990 నాటి హక్కుల చట్టం శాంతియుతంగా గుమిగూడే హక్కు ఈ దేశంలో ఉన్న అందరికీ ఇచ్చింది, పౌరులకే అని అనలేదు. 2024 నవంబర్ 19న వెల్లింగ్టన్‌లో మావోరీ ఒప్పందం కోసం జరిగిన నడకలో 42 వేల మంది పాల్గొన్నారని పోలీసుల లెక్క. పసిపిల్లల్ని భుజాన వేసుకుని వచ్చారు జనం. రోడ్డు మీద నడిచినందుకు ఎవరి వీసా పోదు. అయితే గేటు పగలగొట్టినా, పోలీసును తోసినా, కేసు రుజువై శిక్ష పడినా అది వీసా మీద, రెసిడెన్సీ మీద ప్రభావం చూపుతుంది. 1981లో కేసులైనవాళ్లు ఈ దేశపు పౌరులు, వాళ్లని పంపించేయడానికి వేరే దేశం లేదు. మన పిల్లలకి ఆ తేడా చెప్పాలి. ఇక్కడ కఠినంగానే చెప్పాలి.

కాబట్టి మనవాడు వెళ్తానంటే మేం చెప్పేది ఇంతే. ఎవరు పిలిచారో, ఏం అడుగుతున్నారో ముందు చదువుకో. పిలిచినవాళ్లు పోలీసులకి చెప్పే పెట్టుకున్నారా కనుక్కో. స్నేహితుడు లేకుండా ఒక్కడివే వెళ్లకు. ముఖానికి గుడ్డ కట్టినవాళ్ల పక్కన నిలబడకు. ఏ మతాన్నైనా, యూదుల్నైనా ముస్లింలనైనా, మనుషులుగా తిట్టే నినాదం మొదలైతే అక్కణ్ణించి వచ్చెయ్. పోలీసు కదలమంటే కదులు, ఒకవేళ పట్టుకుంటే మాట్లాడకుండా లాయర్ని అడిగే హక్కు నీకుంది. సంతకం చేసే ముందు ఏ కాగితమైనా రెండుసార్లు చదువు. నీళ్ల సీసా, గొడుగు పట్టుకుపో, వెల్లింగ్టన్ అయితే గొడుగు దండగ, జాకెట్ వేసుకో. అయ్యాక ఇంటికి ఫోన్ చెయ్యి, అమ్మ చూస్తుంటుంది.